ఊరి పాత బడి ఏ ఏట, ఎవరి డబ్బుతో కట్టారో తేల్చడం ఎలా

చిత్తూరు వైపు ఊళ్లలో రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కట్టిన బడి గదుల లెక్క తీయాలంటే, ముందు ఆ ఊరు అప్పట్లో ఎవరి కింద ఉండేదో చూసుకోండి. 1953 అక్టోబరు 1 దాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. అప్పటి ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) వెతకాలి. 1959లో జిల్లా బోర్డు పోయి, ఎలిమెంటరీ బడులు పంచాయతీ సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకు వచ్చాయి. సత్యవేడు వైపు చాలా ఊళ్లు 1960 ఏప్రిల్ 1 దాకా చెంగల్పట్టు జిల్లావి. 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన సూళ్లూరుపేట వైపు ఊళ్లకు నెల్లూరు రికార్డే దిక్కు. ఇది చూసుకోకుండా చిత్తూరు జడ్పీ ఆఫీసు చుట్టూ తిరిగితే చెప్పులరగడమే.

కాగితాల కంటే ముందు కట్టడాన్ని చూడండి. యుద్ధం తర్వాత కొన్నేళ్లు సిమెంటు, ఇనుము కంట్రోలులో ఉండేవి. అందుకే సున్నపు గోడలు, టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ (ఇటుకలు, సున్నంతో వేసిన చదును మిద్దె), లేదంటే మంగళూరు పెంకులు కనిపిస్తాయి. పెంకు తిరగేస్తే వెనక ఫ్యాక్టరీ పేరు అచ్చు పోసి ఉంటుంది. ఒక్క పెంకు చూసి తేల్చేయకండి, మరమ్మతుల్లో మార్చి ఉంటారు. చూరు దగ్గర రెండు, కొప్పు దగ్గర రెండు చూడాలి. శిలాఫలకం మీద ఉన్నది శంకుస్థాపన తేదీయా, ప్రారంభోత్సవానిదా? ఈ రెంటికీ మధ్య ఏళ్లు గడిచిన బడులున్నాయి.

హెడ్మాస్టరును అడ్మిషన్ రిజిస్టరు, లాగ్‌బుక్కు (తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు చూసింది రాసే పుస్తకం) అడగండి. రిజిస్టరు మొదలైన ఏడాదే భవనం కట్టిన ఏడాది అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అంతకుముందు బడి చావడిలోనో గుడి మండపంలోనో నడిచి ఉండొచ్చు. ఇన్‌స్పెక్టరు లాగ్‌బుక్కులో 'కొత్త గదిలోకి మారారు' అని రాసిన చోటే అసలు తేదీ దొరుకుతుంది.

ఖర్చుకు ఎస్టిమేటును నమ్మొద్దు. ఎం-బుక్కు (జరిగిన పనిని కొలిచి రాసే మెజర్‌మెంట్ బుక్కు), చివరి బిల్లు, క్యాష్‌బుక్కు మూడూ సరిపోవాలి. ప్రభుత్వ గ్రాంటు, విద్యా సెస్సు, ఊరి చందా వేర్వేరు పద్దుల్లో ఉంటాయి. చందా కింద చేసిన కూలిపని లెక్కల్లోకి అసలు ఎక్కకపోవచ్చు. పద్దు సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. 1957 ఏప్రిల్‌కు ముందు లెక్కలు రూపాయలు, అణాలు, 'పై'లలో ఉంటాయి. అణాకు 12 పైలు, రూపాయికి 16 అణాలు. 2,450–8–6 అని ఉంటే ఇప్పటి లెక్కలో 2,450 రూపాయల 53 పైసలు.

అడిగితే చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 'ఎందుకు కట్టారు' అని అడగొద్దు. బడి పేరు, ఏళ్లు రాసి రికార్డు నకలు కోరండి. పాత ఎం-బుక్కులు గడువు తీరి ధ్వంసం చేసి ఉండొచ్చు, కాబట్టి ధ్వంసం చేసిన రికార్డుల రిజిస్టరు నకలు కూడా అదే దరఖాస్తులో అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవాలి.