మీటర్ 70 అంటోంది, సిగార్లు మాత్రం ఎండిపోతున్నాయి

మినియాపాలిస్‌లో చలికాలం వచ్చి ఇంట్లో హీటర్ ఆగకుండా తిరగడం మొదలయ్యాక నా హ్యూమిడార్‌లోని (సిగార్లు ఎండకుండా దాచే చెక్కపెట్టె) సిగార్ల పైఆకు పగలసాగింది, వేళ్ల మధ్య కాస్త నొక్కితే ఎండు కరివేపాకులా చిటపటమంటోంది. పెట్టెలో తేమ కొలిచే మీటర్ చూస్తే దర్జాగా 70 శాతం.

అనుమానం మీటర్ మీదే. సీసా మూతలో ఉప్పు పోసి, నాలుగు చుక్కల నీళ్లతో తడి ఇసుకలా చేసి (కరిగిపోకూడదు), మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి ఒక రోజంతా వదిలేశాను. ఆ కవర్లో తేమ 75 దగ్గర నిలవాలి. నాది 84 చూపించింది! అంటే పెట్టెలో నిజంగా ఉన్నది 61 అటూఇటూ.

రెండో తప్పు నాదే. కొత్త పెట్టె రాగానే ఆత్రంగా సిగార్లు సర్దేశాను. లోపలి స్పానిష్ సెడార్ చెక్క ఎండి ఉంటే పక్కనున్న సిగార్ల తేమ అదే తాగేస్తుంది. తడిగుడ్డతో తుడిచేయమని ఒక ఫ్రెండ్ అన్నాడు గానీ చెక్క ఉబ్బుతుందని భయమేసి, సిగార్లను గాలి చొరని డబ్బాలోకి మార్చి, ఖాళీ పెట్టెలో తేమను 84 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు రెండు వారాలు ఉంచి, ఆ తర్వాత 69వి పెట్టాను. టార్చ్ వెలిగించి లోపల పెట్టి, మూత వేసి గదిలో లైటార్పితే ఒక మూల సన్నటి వెలుగు గీత కనపడింది, అంటే మూత అక్కడ సరిగా మూసుకోవట్లేదు, అక్కడ పల్చటి టేపు అంటించా.

పగిలిన మూడూ పోయినట్టే. మిగతావి నెల తర్వాత నొక్కితే మెత్తగా అణిగి మళ్లీ లేస్తున్నాయి. మీటర్ మీద "9 తీసెయ్" అని చీటీ అంటించుకున్నాను.