బ్యాటరీని డిక్కీలోకి మార్చే ముందు

ముందు చోటు లేకనో, బరువు వెనక్కి పంపుదామనో కారు బ్యాటరీని డిక్కీలో పెట్టే పనిలో ఉన్నారా? రెంచ్ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

– ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే మెయిన్ ఫ్యూజ్ ఉండాలి. కేబుల్ కారు పొడవునా రేకు పక్కనే వస్తుంది, ఎక్కడో తొడుగు చిరిగి బాడీకి తగిలిందంటే వందల ఆంపియర్లు పారి కేబులే ఎర్రగా కాలిపోతుంది, పెట్రోల్ ట్యాంకు చూస్తే ఆ పక్కనే. ఫ్యూజ్‌ని ఇంజిన్ దగ్గర పెడితే దండగ, వెనకున్న కేబుల్‌ని అది కాపాడదు.

– కేబుల్ దూరే రేకు రంధ్రం ఉన్న ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు). ఓసారి సీటు కింద కార్పెట్ ఎత్తి చూస్తే, రేకు అంచు తొడుగుని సగం కోసేసింది, లోపల రాగి తీగలు మిలమిలా మెరుస్తున్నాయి!

– మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మూతపెట్టె, కారు బయటికి గొట్టం తప్పనిసరి.

– ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ కేబుల్‌ని బాడీకి బిగించేచోట పెయింట్ గీకేయండి. ఇంజిన్‌కి, బాడీకి మధ్య కరెంటు వెళ్లే స్ట్రాప్ కూడా గట్టిదే ఉండాలి, లేదంటే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ నీరసంగా తిరుగుతుంది.

– కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు. దూరం పెరిగింది కాబట్టి పాతదానికంటే లావుదే వేయాలి.

– పదీ పదిహేను కిలోల బరువు, ప్లాస్టిక్ ట్యాగులతో ఆగదు. ఇనుప ఫ్రేమ్, ఫ్లోర్‌కి బోల్టులు. డ్రిల్ చేసేముందు కింద ట్యాంకుందేమో వంగి చూడండి.