విడాకుల కేసులో కాగితాలు అడగడం – 3వ పాఠం: "నా దగ్గర లేవు" అనడానికి వీల్లేకుండా రాయడం

రెండో పాఠం చివర ఎదుటి పక్షం వేసిన ఆస్తి అప్పుల అఫిడవిట్ ముందు పెట్టుకుని, ఖాళీ గళ్లకూ డొంకతిరుగుడు జవాబులకూ పక్కన పెన్సిల్‌తో నంబర్లు వేయమన్నాం. ఈ పాఠంలో ఆ నంబర్లను పిటిషనుగా మారుద్దాం. అఫిడవిటే ఇంకా రాలేదంటే ముందు దాని సంగతి చూడండి. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, మనోవర్తి అడిగిన ప్రతి కేసులో ఇద్దరూ అది వేయాలి. కౌంటరుతో (ఎదుటి పక్షం రాతపూర్వక జవాబుతో) పాటు అఫిడవిట్ వేయడానికి గడువు గరిష్ఠంగా నాలుగు వారాలు. అందుకు రెండుకు మించి అవకాశాలు ఇవ్వకూడదు. కావాలని సాగదీస్తే డిఫెన్సు (ప్రతివాది తన తరఫున చెప్పుకునే వాదన) కొట్టేసే అధికారం కోర్టుకుంది.

అఫిడవిట్‌లో చెప్పినదాని మీద వివాదముంటే సీపీసీ (సివిల్ ప్రక్రియ స్మృతి) ఆర్డర్ 11 కింద ప్రశ్నలు వేయడానికీ, కాగితాలు తెప్పించుకోవడానికీ కోర్టును అనుమతి అడగవచ్చని అదే తీర్పు చెబుతోంది. చాలామంది ఆర్డర్ 11 అనగానే అన్నీ ఒకే పిటిషనులో కుక్కేస్తారు. ఏ పనికి ఏ రూలో ముందు తెలుసుకోండి.

అఫిడవిట్‌లోనో కౌంటర్‌లోనో ఎదుటివారే ఏదైనా కాగితం పేరెత్తారా? దానికి రూల్ 15 చాలు. కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు, నోటీసు ఇస్తే సరి. నోటీసు అందిన పది రోజుల్లోగా వాళ్లు ఒక సమయం చెప్పాలి, ఆ చెప్పిన నాటి నుంచి మూడు రోజుల లోపల కాగితం చూపించాలి. అందినట్టు రసీదు మాత్రం ఫైల్లో ఉండాలి. అది లేక ఎన్నో నోటీసులు వృథా అవుతాయి. వాళ్లు పేరెత్తకపోయినా ఫలానా కాగితం వాళ్ల చేతిలో ఉందని మనకు తెలిస్తే రూల్ 14 కింద ఐ.ఏ. (కేసు మధ్యలో వేసే పిటిషను) వేయాలి. ఏమేం ఉన్నాయో తెలియనప్పుడు రూల్ 12: తమ దగ్గరున్న కాగితాల జాబితాను వాళ్లు ప్రమాణం మీద ఇవ్వాలి. కాగితంతో పనిలేని సమాచారానికి రూల్ 1, అంటే ఇంటరాగటరీలు (ఎదుటివారికి రాసి పంపే ప్రశ్నలు). వాటికి కోర్టు అనుమతి కావాలి, ఇంకో ఉత్తర్వు లేకుండా ఒక పక్షానికి ఒక్క విడతే వెళ్తుంది కాబట్టి తొందరపడి మొదటి వారంలోనే వాడేయకండి. జవాబు పది రోజుల్లో అఫిడవిట్ రూపంలో రావాలి.

ఒక హెచ్చరిక. మనోవర్తి కేసు బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 144 (పాత సీఆర్పీసీ 125) కింద నడుస్తుంటే సీపీసీ నేరుగా వర్తించదు. అక్కడ సుప్రీంకోర్టు తీర్పునే ఆధారంగా చూపి అడగాలి.

ఇప్పుడు అసలు విషయం, వాక్యం రాయడం. పనికిరాని వాక్యం ఇలా ఉంటుంది:

"ప్రతివాది తన బ్యాంకు ఖాతాలు, ఆస్తులు, పెట్టుబడులకు సంబంధించిన సమస్త పత్రాలు దాఖలు చేయవలెను."

చూడ్డానికి గట్టిగానే ఉంది. కానీ ఎదుటి లాయరు "చేపలు పట్టడానికి వల వేస్తున్నారు" (ఏదో ఒకటి దొరక్కపోతుందా అని అడుగుతున్నారు) అంటారు, జడ్జిగారు ఔననే అవకాశమే ఎక్కువ. ఒకవేళ ఆర్డరు వచ్చినా ఒక ఖాతా స్టేట్‌మెంట్ పడేసి "ఇంతే" అంటే తప్పు పట్టడానికి మన దగ్గర కొలబద్ద ఉండదు. అదే విషయం ఇలా రాయండి:

"ప్రతివాది పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను పోర్టల్‌లో లభించే వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్), 2022-23 నుంచి 2024-25 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలకు. అఫిడవిట్‌లో ఒకే పొదుపు ఖాతా చూపినందున, ఇతర ఖాతాలు, పెట్టుబడుల నుంచి వచ్చే ఆదాయాన్ని నిర్ధారించేందుకు ఇది అవసరం."

ఇందులో నాలుగు అంశాలున్నాయి: కాగితం పేరు, కాలం, అది ఎక్కడ దొరుకుతుందో, ఎందుకు కావాలో. మూడోది పెట్టడంతో "నా దగ్గర లేదు" అనే జవాబు చెల్లదు. పోర్టల్‌లో లాగిన్ అయితే డౌన్‌లోడ్ అయ్యేదాన్ని లేదనడం కష్టం. నాలుగోది లేకపోతే పిటిషను కొట్టేస్తారు. హిందూ వివాహ చట్టంలో భార్యాభర్తల ఆస్తిని సగం సగం పంచే నియమం లేదు. అందుకే "ఆస్తి ఎంతుందో తెలియాలి" అన్నది కారణంగా నిలబడదు. మనోవర్తి మొత్తం, పిల్లల ఖర్చు, స్త్రీధనం, వీటిలో ఏదో ఒకదానికి ముడిపెట్టాలి.

ఏఐఎస్‌ను ఉదాహరణగా ఎందుకు తీసుకున్నామంటే, మిగతా కాగితాల ఆచూకీ చాలావరకు అదే చెబుతుంది. బ్యాంకులు పంపిన వడ్డీ వివరాలు, డివిడెండ్లు, షేర్లు, ఫండ్ల అమ్మకాలు అందులో ఉంటాయి. చెప్పని ఖాతాలో వడ్డీ పడితే ఆ బ్యాంకు పేరు అక్కడ కనిపించే అవకాశం ఎక్కువ. దాని పక్కన డిపాజిటరీ ఇచ్చే ఏకీకృత ఖాతా నివేదిక (సీఏఎస్), క్రెడిట్ రిపోర్టు కూడా అడగండి. మొదటిది డీమాట్, మ్యూచువల్ ఫండ్ నిల్వలకు, రెండోది అప్పులకు, కార్డులకు. "నెలకు ఇంత ఈఎంఐ కడుతున్నా" అన్న మాట నిజమో కాదో రెండోదే తేలుస్తుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్లు విడిగా అడగక్కర్లేదనే చెప్పాలి. అన్ని ఖాతాలకూ గత మూడేళ్లవి జతచేయాలని అఫిడవిట్ నమూనాలోనే ఉంది. ఇవ్వకపోతే "తీర్పు ప్రకారం జతపరచలేదు" అని ఒక్క లైనులో రాయండి, కొత్త కోరికగా రాయకండి. ఆదాయపు పన్ను రిటర్నులకూ అంతే. పెళ్లికి ఏడాది ముందుది, విడిపోవడానికి ఏడాది ముందుది, పిటిషను వేసిన నాటిది, ఈ మూడూ నమూనాలో ఉన్నవే.

స్టేట్‌మెంట్ చేతికొచ్చాక జమల కంటే ఖర్చుల వైపు ఎక్కువసేపు చూడండి. ఏడాదికోసారి లాకర్ అద్దె పోతుంటే లాకరున్నట్టే, నగలకు సంబంధించిన కోరిక అక్కడ మొదలవుతుంది. బీమా ప్రీమియం పోతుంటే పాలసీ ఉంది. తన పేరునే మరో బ్యాంకుకు డబ్బు వెళ్తుంటే ఆ ఖాతా నంబరు కోసం ఒక ప్రశ్న కేటాయించాలి. జీతం జమ హఠాత్తుగా తగ్గిందా? ఆ నెల పే స్లిప్‌లో స్వచ్ఛంద పీఎఫ్ కోత పెరిగిందేమో చూడండి. చేతికొచ్చే జీతం తక్కువ చూపడానికి ఇది పాత ఎత్తే.

పిటిషనులో అన్నీ కలిపి పది పన్నెండు కోరికలకు మించనివ్వకండి. నలభై అడిగితే ముఖ్యమైన నాలుగూ ఆ గుంపులో కలిసిపోతాయి. భూమి రిజిస్ట్రేషను వివరాలు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో), కంపెనీ డైరెక్టరు పదవులు కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో మనమే తీసుకోగలం. వాటి కోసం కోరిక ఖర్చు చేయొద్దు. పాస్‌వర్డు తెలుసు కదా అని ఎదుటివారి మెయిల్ తెరవడం మాత్రం వద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద అది మీ మీదే కేసు కావచ్చు.

ఉత్తర్వు వచ్చినా ఇవ్వకపోతే రూల్ 21 ఉంది: పిటిషనరైతే పిటిషను కొట్టివేత, ప్రతివాదైతే డిఫెన్సు తొలగింపు. అంతదాకా వెళ్లకపోయినా, చేతిలో ఉండి తేని సాక్ష్యం తనకు వ్యతిరేకమేనని కోర్టు భావించవచ్చు. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 119 ఉదాహరణల్లో ఈ మాటే ఉంది. వాదనలో వాడుకోవడానికి ఇవ్వని కాగితాల పట్టిక ఒకటి తేదీలతో రాసుకుంటూ ఉండండి.

సాధన: పెన్సిల్ నంబర్లలోంచి మూడు ఎంచుకుని, ఒక్కోదానికి పైన చెప్పిన నాలుగు అంశాలతో ఒక వాక్యం రాయండి. తర్వాత ఎదుటి లాయరు కుర్చీలో కూర్చుని "లేదు", "సంబంధం లేదు" అనే రెండు జవాబులతో దాన్ని తప్పించుకోగలరేమో చూడండి. తప్పించుకోగలిగితే కాలమో, చోటో, కారణమో సరిగా పడలేదు. 4వ పాఠంలో కాగితం ఎదుటివారి దగ్గర కాక బ్యాంకు దగ్గరో యాజమాన్యం దగ్గరో ఉన్నప్పుడు ఆర్డర్ 16 రూల్ 6 కింద సమన్లు పంపించడం నేర్చుకుందాం.