సంతకం కంప్యూటర్‌లోకి మారుతోందా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

గత నెలలో నాకు తెలిసిన ఒక మందుల ప్లాంట్‌లో తనిఖీ జరిగింది. అర్ధరాత్రి దాటాక 2:40కి ఒక తూకానికి 'సరిచూశాను' అని ఒక కెమిస్టు ఎలక్ట్రానిక్ సంతకం (ఐడీ, పాస్‌వర్డ్ కొట్టి పెట్టేది) ఉంది. ఆయన రాత్రి 10:15కే గేటు దాటినట్టు పంచింగ్ మెషీన్ చెబుతోంది. తనిఖీకి వచ్చినావిడ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఊరుకుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు నోట మాట రాలేదు.

తూకం తప్పు కాదు, మందూ బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ ఆయన జూనియర్‌కు పాస్‌వర్డ్ చెప్పి వెళ్లాడు, అంతే. ఆ ఒక్క సంతకం ఆయనది కాదని తేలాక, అంతకుముందు ఆయన పేరుతో ఉన్న ప్రతి సంతకం మీదా అనుమానం పడింది. ఇప్పుడు పాత బ్యాచ్‌లన్నీ తిరగతోడుతున్నారు.

హైదరాబాద్ చుట్టుపక్కల గానీ విశాఖ దగ్గరి పరవాడలో గానీ కాగితపు బ్యాచ్ రికార్డుల (ఒక్కో విడత మందు తయారీ వివరాల) నుంచి కంప్యూటర్‌కు మారే పనిలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలు ఉండాలన్నది మీ ఐటీ వాళ్లే చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే: పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

కాగితం మీద పక్కవాడి సంతకం పెట్టాలంటే ఎవరికైనా చేయి వణుకుతుంది. అది ఫోర్జరీ అని తెలుసు. అదే మనిషి పక్కవాడి పాస్‌వర్డ్‌ను మాత్రం టీ తాగుతూ కొట్టేస్తాడు. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. అమెరికాకు మందులు పంపే ప్లాంట్లకు వర్తించే పార్ట్ 11 నిబంధన 1997 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది. ఒక సంతకం ఒక్క మనిషికే చెందాలని, దాన్ని ఎప్పటికీ ఇంకొకరికి ఇవ్వకూడదని అందులో ఉంది.

మారడానికి ముందు

మనుషులను లెక్కపెట్టండి, తర్వాత సాఫ్ట్‌వేర్ లైసెన్సులను లెక్కపెట్టండి. పాస్‌వర్డ్‌లు చేతులు మారేది ఎక్కువగా ఇక్కడే. ముప్పై మందికి ఇరవై ఐడీలు కొంటారు, మిగతా పదిమంది అరువు తెచ్చుకుంటారు. చివరికి నివేదికలో మాత్రం తప్పు కెమిస్టుదే అని రాస్తారు. కొనుగోలు ఫైలును ఎవరూ తెరవరు.

ఈ ఎలక్ట్రానిక్ సంతకాలు చేతి సంతకాలతో సమానంగా మాకు కట్టుబాటే అని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ధ్రువీకరణ పంపాలి. వాడకం మొదలయ్యాక తీరిగ్గా పంపేది కాదు అది.

కాగితం, కంప్యూటర్ రెండూ నడిచే వారాల్లో ఏది అసలు రికార్డో ముందే రాసిపెట్టుకోండి. లేకపోతే రెండింటిలో రెండు అంకెలు ఉంటాయి. రెండూ అసలే అంటారు.

నడుస్తున్నప్పుడు

సంతకం పక్కన పేరు, తేదీ, సమయం కనిపించాలి. ఎందుకు పెట్టారో కూడా కనిపించాలి: చేశారా, సరిచూశారా, ఆమోదించారా? నేను చూసిన ఒక సిస్టమ్‌లో అన్నింటికీ 'ఓకే' అని మాత్రమే వచ్చేది. దేనికి ఓకే?

కూర్చున్నాక పెట్టే మొదటి సంతకానికి ఐడీ, పాస్‌వర్డ్ రెండూ అడగాలి. లేవకుండా వరసగా పెట్టే తర్వాతి వాటికి ఒకటి చాలు. అందుకే కుర్చీ నుంచి లేస్తే లాగౌట్ కావాలి. రెండు నిమిషాలకే అయినా సరే.

ల్యాబ్ ఫలితాలతో పని ఉన్నవారికి అడ్మిన్ హక్కులు ఇవ్వకండి. చెరిపే అధికారం చేతిలో ఉంటే, చెరపలేదని నిరూపించుకోలేరు.

కంప్యూటర్ గడియారం మార్చే వీలును మూసేయండి. ఆడిట్ ట్రయల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో కంప్యూటర్ రాసుకునే చిట్టా) ఆపే వీలునూ మూసేయండి. దాన్ని ఊరికే ఉంచడం కాదు, బ్యాచ్ విడుదలకు ముందు చదవండి. ఉద్యోగం మానేసినవారి ఐడీని అదే రోజు ఆపండి. ఆ ఐడీని కొత్తవారికి ఇవ్వకండి. 'ల్యాబ్1', 'షిఫ్ట్‌బీ' లాంటి ఉమ్మడి ఐడీలు వద్దు. సెలవులో ఉన్న మేనేజర్ ఫోన్‌లో పాస్‌వర్డ్ చెబుతానంటే వినకండి. ఆయన ఎంత పెద్దవాడైనా సరే. పాస్‌వర్డ్ చెప్పకండి, అడగకండి, తెలిసినా వాడకండి.

రాత్రి ఐడీ లాక్ అయితే ఐటీవాళ్లను నిద్ర లేపండి. రాత్రి షిఫ్టుకు ఐటీ మనిషిని పెట్టకపోవడం మీ తప్పు కాదు. మందు తయారయ్యే రియాక్టర్ నడుస్తుంటే మధ్యలో ఆపలేరు కదా అంటారు, నిజమే. అందుకే నంబర్లు వేసిన కాగితపు ఫారాలు క్యూఏ (నాణ్యత చూసే విభాగం) దగ్గర ముందే సిద్ధంగా ఉండాలి. వాటి మీద మీ చేత్తో మీ సంతకం పెట్టండి. పక్కవాడి ఐడీ మాత్రం ముట్టుకోకండి.

ఒకసారి వెళ్లి ల్యాబ్‌లో మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం దగ్గరి కీబోర్డు తిరగేసి చూడండి. అడుగున చీటీ అంటించి ఉంటే చింపినంత మాత్రాన సరిపోదు, ఆ పాస్‌వర్డ్ ఈ రోజే మార్పించండి.