పోలో జీటీకి పెద్ద డిస్కులు కొనేముందు

పోలో జీటీ టీఎస్ఐ లాంటి చిన్న, చురుకైన కారుకి రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించగానే చాలామంది కళ్లు పెద్ద బ్రేక్ డిస్కుల కిట్ మీద పడతాయి. ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు; తేమ పట్టాక ఆ హద్దు 155కి కూడా పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోయేది అందుకే. పెడల్ గట్టిగానే ఉన్నా కారు ఆగట్లేదంటే మాత్రం వేడెక్కి పట్టు వదిలింది బ్రేక్ ప్యాడ్లు (డిస్కుని నొక్కి పట్టే పలకలు). ఇంకా మెరుగైన ఫ్లూయిడ్ కావాలంటే డాట్ 5.1 పోయించండి. డాట్ 5 వద్దు, అది సిలికాన్ రకం.

తర్వాత మంచి రోడ్ ప్యాడ్లు. రేసు ప్యాడ్లు ఊళ్లో దండగ, వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు. కొత్తవి వేశాక కంపెనీ చెప్పిన పద్ధతిలో బెడ్డింగ్ (ప్యాడ్లు డిస్కులకు కుదురుకునేలా వరసగా బ్రేకులు వేయడం) చేయాల్సిందే. మెకానిక్ "అవసరం లేదు సార్" అన్నా వినకండి.

గట్టిగా తొక్కితే ఇప్పటికే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తూ పెడల్ కొట్టుకుంటోందా? అయితే బ్రేకుల బలానికి లోటు లేదు, ఆగే దూరం తగ్గాలంటే డబ్బు టైర్ల మీద పెట్టండి. వెనక డ్రమ్ముల జోలికి పోనక్కర్లేదు, ఆపేటప్పుడు బరువు ముందుకే వాలుతుంది.

అయినా కిట్టే కావాలంటే, ఆ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) మీద స్టెప్నీ కూడా పడుతుందో లేదో చూసుకుని కొనండి.