పల్లెలో విడిది ఇంటిని పర్యావరణానికి భారం కాకుండా కట్టడం ఎలా?

హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, వికారాబాద్, యాచారం వైపు కొంత పొలం కొని, సెలవులకు వచ్చే అతిథుల కోసం నాలుగైదు గదుల విడిది కట్టాలనుకునేవారు చాలామంది మొదట సోలార్ పలకల ధర కనుక్కుంటారు. నిజానికి అది చివరి పని. గోడలు, కప్పు, ఇంటి దిక్కు తేలాకే ఎంత కరెంటు కావాలో తెలుస్తుంది.

ముందుగా స్థలాన్ని రెండుసార్లు చూడాలి: మే నెల మధ్యాహ్నం ఒకసారి, జోరువాన కురిసిన మర్నాడు మరోసారి. నీడ ఎక్కడ పడుతోందో, నీరు ఎటు పారుతోందో గమనించి, ఉన్న వేప, కానుగ, చింత చెట్లను కొట్టకుండా ప్లాను గీయించాలి. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, పడమటి ఎండ తగిలే వైపు స్నానాల గదులు, సామాన్ల గది పెడితే పడక గదులు చల్లగా ఉంటాయి.

తర్వాత మట్టి. గాజు సీసాలో సగం మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి ఒక రోజు కదపకుండా ఉంచితే ఇసుక అడుగునా, బంకమన్ను పైనా పేరుకుంటాయి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిలో 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, మూడు వారాలు తడిపితే బట్టీ అవసరం లేని ఇటుకలు వస్తాయి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిస్తుంది కనుక అది ఇటుకలకు పనికిరాదు. అలాంటి నేలలో పునాదిని ఇంజనీరు లెక్క ప్రకారమే వేయించాలి. గదుల్లో నేల పరచడానికి దగ్గర్లో దొరికే తాండూరు బండలు చాలు.

కప్పుకు పెంకులు వేసి, కింద గాలి ఆడేలా జాగా వదిలి సీలింగ్ కొట్టించవచ్చు. స్లాబ్ అయితే పైన తెల్ల సున్నం పూయాలి. ప్లాస్టిక్ తాటాకు ఫొటోలకే బాగుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ నీటిపై పెట్టాలి. నగర ప్రాంతంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పు మీద పడే నీటిలో ఐదో వంతు వృథా అయినా దాదాపు 64,000 లీటర్లు పట్టుకోవచ్చు. పది మంది అతిథులు తలకు రోజుకు వంద లీటర్లు వాడినా, అది రెండు నెలలకు సరిపోతుంది. తొలకరి నీటిని బయటికి వదిలి, మిగతాదాన్ని ఇసుక, కంకర వడపోత మీదుగా తొట్టిలోకి పంపి, పొంగినదాన్ని ఇంకుడు గుంతకు మళ్లించాలి. స్నానాల నీటిని మెట్టతామర మడికి పారించాలి; సెప్టిక్ ట్యాంకును మాత్రం బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో కట్టాలి. ఈతకొలను కావాలని అతిథులు అడుగుతారు. బోరు నీటితో దాన్ని నింపితే ఈ ఆదా అంతా ఆవిరైపోతుందని నా అభిప్రాయం.

ఇక కరెంటు. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బ్రష్‌లు లేని మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. పలకలను దక్షిణం వైపు, సుమారు 17 డిగ్రీల వాలులో బిగిస్తే కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. కోతుల బెడద ఉన్న ఊళ్లో గాజు గొట్టాల సోలార్ హీటరు పెడితే, దానిపై ఇనుప జాలీ తప్పనిసరి.