ఎల్లాలా ఉండాలా తేలట్లేదా, ఇలా చేసి చూడండి

ఊర్లో ఉండాలా సిటీకి పోవాలా అని నెలల తరబడి ఊగిసలాడే వాళ్ళకి ఒక చిన్న చిట్కా, నాకైతే పనిచేసింది. హైదరాబాద్‌లో జాబ్ వచ్చినప్పుడు పలాస దగ్గర మా జీడితోట, అమ్మ, ఇదంతా వదిలి ఎలా అని రోజుకో మాట మార్చేవాడిని, అడిగిన ప్రతివాడూ ఒక సలహా, బుర్ర పాడైపోయింది. ఆఖరికి ఏం చేశానంటే మూడ్రోజులు 'వెళ్ళిపోతున్నా, ఫిక్స్' అని నాకు నేనే చెప్పుకుని అలాగే తిరిగాను, తోట ఎవరికి కౌలుకివ్వాలి, అమ్మ బీపీ మాత్రలు ఎవరు తెస్తారు, అంతా నిజంగానే లెక్కేశా. తర్వాత మూడ్రోజులు 'వెళ్ళట్లేదు' అని. రోజూ పడుకునే ముందు ఫోన్‌లో ఒక్క లైన్ రాసుకున్నా, అంతే. 'వెళ్ళట్లేదు' అనుకున్న రెండో రోజుకే అన్నం సయించలేదు, ఎవడైనా సికింద్రాబాద్ పేరెత్తితే కోపం వచ్చేసేది, ఇంక తెలిసిపోయింది.

ఇంకోటి, గడువు పెట్టుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే ఓపెనవుద్ది కదా, టికెట్ తీసేసి ఆ డేట్ లోపు తేల్చేయండి, ముందుగా కేన్సిల్ చేస్తే పోయేది కొంత ఛార్జీయే. అమ్మ మాత్రం పండక్కి వెళ్ళినప్పుడల్లా 'ఏటిరా, టికెట్టు తీసీసినావా మళ్ళీ' అంటాది.